చాప క్రింది వాయువు
(విద్యార్థులకు రేడాన్ పాఠము)

హైస్కూలులోను, పి.యు.సి.లోను రసాయనశాస్త్రము చదువు పిల్లలు ఆవర్తన పట్టికలోని చివరి నిలువు వరుసను పద్యము వలె వల్లించుదురు: హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జీనాన్, రేడాన్. పరీక్షలో ఒక మార్కు వచ్చును. తరువాత మొదటి పేరును బుడగలు అమ్మువాని వద్దను, రెండవ పేరును అంగడి దీపపు బోర్డుల విషయములోను వినుట కలదు గాని, ఆరవ పేరును తిరిగి తలచువారు అరుదు. అయితే ఆ ఆరవ వాయువు, పిల్లవాడు కూర్చుండి వల్లించుచున్న గదిలోనే యున్నది. అతడు పరచుకొన్న చాప క్రింది నేలలో నుండి వచ్చి, అతని ఊపిరితో లోపలికి పోవుచున్నది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అది ఎక్కువగా చేరిన ఇంటిలో ఏండ్ల తరబడి నివసించువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చు అవకాశము పెరుగునని వైద్యశాస్త్రము నిశ్చయించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లో రేడానును మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువుల మొదటి తరగతిలో చేర్చినది. పొగాకు పొగ కూడ ఆ తరగతిలోనిదే.

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదైనను మూడు ప్రక్కల ఆంధ్రదేశమే. బడిలో పాఠము కన్నడములో, ఇంటిలో మాట తెలుగులో, వర్తక కుటుంబములలో పెద్దల మాట మరియొక భాషలో. ఇందుచేత బడిలో నేర్చినది ఇంటి గడప దాటి లోపలికి వచ్చుట కొంచెము కష్టము. రేడాన్ పాఠము మాత్రము ఇంటిలోనికి రాకపోయిన యెడల నిష్ఫలము. ఎందువలన ననగా, పడకగది కిటికీ తెరచునది అవ్వ, గోదాము తాళపుచెవి ఉండునది తండ్రి దగ్గర. పిల్లవాని దగ్గర నుండునది నోటుపుస్తకము మాత్రమే.

కొండలోని తరుగు

పావగడకు ఏ దిక్కు నుండి వచ్చినను మొదట కనబడునది కోట యున్న కొండ. అది గ్రానైటు రాయి. బెంగళూరునకు నైరుతిని ఉన్న రామనగరమునకు పూర్వము క్లోజుపేట అని పేరు. మైసూరు సంస్థానములో రెసిడెంటుగా నుండిన బ్యారీ క్లోజ్ దొర పేరు మీద అది వచ్చినది. ఊరి పేరు మారినను భూగర్భ శాస్త్రజ్ఞులు మాత్రము ఆ ప్రాంతపు రాతిని నేటికిని క్లోజుపేట గ్రానైటు అనియే పిలుచుదురు. ఆ రాతి పట్టీ దక్షిణము నుండి ఉత్తరమునకు సుమారు 400 కిలోమీటర్ల పొడవున సాగి, తుమకూరు జిల్లాను చీల్చుకొని పావగడ మీదుగా పోవుచున్నది. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. మనము గుండ్లని, బండలని పిలుచునవి, మిద్దెలకు కప్పినవి, గుమ్మములకు నిలిపినవి, అరుగులకు పరచినవి అన్నియు దాని ముక్కలే.

గ్రానైటు రాళ్లన్నింటిలోను యురేనియం అను లోహము కొద్దిగా కలిసియుండును. టన్ను రాతిలో మూడు నాలుగు గ్రాములు సామాన్యము. తూర్పు కర్ణాటక జిల్లాలలో, తుమకూరు జిల్లాతో సహా, బోరుబావుల నీటిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు లీటరుకు 30 మైక్రోగ్రాములు అను ప్రపంచ ఆరోగ్య సంస్థ మితిని దాటిన యురేనియమును పలు గ్రామములలో చూచిరి. ఫ్లోరైడు విషయమై ఈ తాలూకా ప్రజలకు ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. పండ్ల మీది పసుపు మరకలే చెప్పును. యురేనియం అట్లు కనబడదు. అది స్థిరముగా ఉండక, ఒక్కొక్క అణువు విరిగి మరియొక పదార్థముగా మారుచుండును. ఆ మార్పుల వరుసలో కొంత దూరము పోయిన పిదప రేడియం వచ్చును. రేడియం విరిగిన రేడాన్ వచ్చును. ఈ వంశములో తాతలు, తండ్రులు అందరు రాతిలో బంధింపబడిన ఘన పదార్థములే. రేడాన్ ఒక్కటే వాయువు. కావున అది రాతి పగుళ్లలో నుండి, మట్టి సందులలో నుండి పైకి తప్పించుకొని రాగలదు. బయలు ప్రదేశములో వచ్చినది గాలికి చెదరిపోవును. ఇంటి క్రింద వచ్చినది నేల పగుళ్లగుండ, నాపరాళ్ల సందులగుండ, నీటి గొట్టము దూర్చిన రంధ్రము చుట్టు గల ఖాళీగుండ గదిలోనికి చేరును. లోపలి గాలి వెచ్చబడి పైకి పోవునప్పుడు ఇల్లు క్రింది నేలగాలిని సన్నగా పీల్చుకొనుట కూడ కలదు.

అయినను "రాయి ఉన్నది గనుక ప్రతి ఇంటిలోను ప్రమాదము ఉన్నది" అని పిల్లలకు చెప్పుట తప్పు. ఒకే వీధిలోని రెండు ఇండ్లకు పది రెట్ల భేదము ఉండవచ్చును. ఒకే ఇంటిలో మేడ మీది గదికిని నేలమాళిగకును భేదము ఉండును. కొలిచిననే తెలియును.

చింతగింజలతో పాఠము

తరగతిలో ఈ పాఠమును ఎట్లు ఆరంభింపవచ్చునో చెప్పవలెనన్న, పామిడి కొట్టుకు పోయి కొనవలసిన సామగ్రి ఏదియు లేదు. చింతపిక్కలను ఒక ప్రక్క అరగదీసి తెల్లగా చేసి ఆడు ఆట ఈ సీమలో అందరికి తెలిసినదే. అట్టివి నూరు పిక్కలు కావలెను. అయ్యవారు పిల్లల చేత వాటిని నేల మీద వేయించి, తెల్లప్రక్క పైకి పడినవాటిని ఏరి అవతల పెట్టించవలెను. మిగిలినవి లెక్కించి పలక మీద వ్రాయవలెను. మరల వేయవలెను. నూరు పిక్కలు యాబదికి దగ్గరగా, యాబది యిరువదియైదుకు దగ్గరగా వచ్చును.

"ఈసారి ఏ పిక్క పోతుందో ముందే చెప్పగలవా అప్పా?" అని అయ్యవారు అడుగవచ్చును.

"ఏది పోతుందో చెప్పలేము గానీ, ఎన్ని పోతాయో దగ్గరగా చెప్పవచ్చు సార్" అని ఒక పిల్లవాడైనను చెప్పక మానడు.

పాఠములో సగము అక్కడనే తెలిసినది. రేడాన్ అణువు ఎప్పుడు విరుగునో ఎవరును చెప్పలేరు. అయితే పోగుచేసిన రేడాన్ 3.8 దినములలో సగమగునని నిశ్చయముగా చెప్పవచ్చును. ఒక్కొక్క విసరు 3.8 దినములని పిల్లలు భావింపవలెను. వర్తకుల పిల్లలకు దీనిని అంతకంటె సులభముగా చెప్పవచ్చును. వారు చక్రవడ్డీ లెక్క ఇంటిలోనే వినియుందురు. ఇది తిరగవేసిన చక్రవడ్డీ. వెయ్యి ఉన్నది నాలుగు దినములకు కొంచెము తక్కువలో ఐదు వందలగును, మరల అంత కాలములో రెండు వందల యాబది యగును, ముప్పది యెనిమిది దినములకు ఒకటి మిగులును. వేరుసెనగ గోదాములో తరుగు ఎట్లో ఇదియు అట్లే, కాని ఈ తరుగు ఎంతయో ఎండకాలమైనను వానకాలమైనను మారదు. యురేనియమునకు సగమగు కాలము సుమారు 450 కోట్ల సంవత్సరములు, రేడియమునకు 1600 సంవత్సరములు. కావున అసలు మొత్తము తరుగునని ఏ కుటుంబమును ఎదురుచూడ నక్కరలేదు. నేల క్రింది నుండి రేడాన్ జమ ఏ దినమును ఆగదు.

పై తరగతి పిల్లలకు ఇంకొక లెక్క వేయించుట మంచిది. ఒక గదిని చిట్టా పుస్తకమనుకొనవలెను. జమ: నేలలో నుండి వచ్చు రేడాన్. ఖర్చు రెండు విధములు. మొదటిది తనంతట తాను విరిగిపోవుట. ఇది గంటకు నూటికి ముప్పాతిక పాలు మాత్రమే. రెండవది గదిలోని గాలి బయటికి పోయి క్రొత్త గాలి వచ్చుట. గంటకు ఒకసారి గది గాలి అంతయు మారిన యెడల, ఈ రెండవ ఖర్చు మొదటిదానికి నూట ముప్పది రెట్లు ఎక్కువ. అదే గదిని బిగించి, గాలి మారుటకు పది గంటలు పట్టునట్లు చేసిన యెడల, నిలువ సుమారు తొమ్మిదిన్నర రెట్లు పెరుగును. నేల అదే, రాయి అదే, మనుష్యులు వారే. మారినది కిటికీ మాత్రమే. ఈ ఒక్క లెక్కను పిల్లవాడు తన చేతితో వేసి తండ్రికి చూపిన చాలును, ఉపన్యాసములు అక్కరలేదు.

హాని ఎట్లు కలుగును

రేడాన్ వాయువు పీల్చినవారి రొమ్ములో చాల భాగము నిలువక, పోయినట్లే తిరిగి వచ్చును. హాని చేయునది ముఖ్యముగా దాని సంతానము. రేడాన్ విరిగినప్పుడు పొలోనియం అను ఘన పదార్థపు అణువు పుట్టును. అది గాలిలోని దుమ్ముకు, పొగకు అంటుకొనును. ఆ దుమ్ము శ్వాసనాళముల గోడల తడికి అంటుకొని అక్కడనే నిలుచును. పొలోనియం అణువు మూడు నిమిషములలో సగము, దాని తరువాతి సంతానము అరగంట లోపు కాలములలో సగము చొప్పున విరుగుచు, ఆల్ఫా కణములను వెడలగొట్టును. ఆల్ఫా కణము బరువైనది, దూరము పోలేదు. ఒక కాగితము దానిని ఆపును. మన చర్మము మీది మృతపొర కూడ ఆపును. కాని శ్వాసనాళము లోపలి గోడకు అట్టి కవచము లేదు. అక్కడ తగిలిన ఆల్ఫా కణము జీవకణములోని వంశసూత్రమును తెంపును. చాలసార్లు శరీరము దానిని సరిచేసికొనును. ఎన్నడో ఒకసారి తప్పుగా అతికిన కణము, ఏండ్లు గడచిన పిదప, అదుపు లేక పెరుగుట మొదలిడును. అదియే క్యాన్సరు.

మూతికి వస్త్రము కట్టుకొను సాధువులను చూచి పెరిగిన పిల్లలు గాలిలో కంటికి కనబడనిది ఉన్నదని చెప్పిన వెంటనే నమ్ముదురు. ఇది ఉపాధ్యాయునకు కొంత సౌకర్యమే. కాని వారిలో ఎవరైనను "గుడ్డ కట్టుకుంటే రేడాన్ ఆగుతుందా?" అని అడుగుట కూడ సహజము. ఆగదు. దుమ్మును గుడ్డ కొంత పట్టవచ్చును. వాయువు దాని గుండ పోవును.

ఈ సంగతి కనుగొనుటకు మనుష్యజాతికి నాలుగు వందల సంవత్సరములు పట్టినది. జర్మనీ దేశములో సాక్సనీ సీమయందలి ష్నీబెర్గ్ గనులలో పని చేయువారు నడివయస్సులోనే రొమ్ము జబ్బుతో చనిపోవుచుండిరి. 1556లో వెలువడిన అగ్రికోలా గ్రంథములో గని కార్మికుల ఈ క్షయ వ్యాధి ప్రస్తావన కలదు. కార్పతియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొన్న స్త్రీలు ఉన్నారని ఆయన వ్రాసెను. ఆ జబ్బు ఊపిరితిత్తుల క్యాన్సరు అని 1879లో హార్టింగ్, హెస్సె అను ఇద్దరు వైద్యులు తేల్చిరి. అప్పటికి రేడాన్ అను పేరే లేదు. ఆ వాయువును 1900 ప్రాంతమున కనుగొనిరి. గనులలో దోషము అదియే అని స్థిరపడుటకు ఇరువదవ శతాబ్దిలో సగము గడచినది.

గనుల మాట అట్లుండగా, ఇండ్లలో కూడ ఇది చేరునను సంగతి లోకమునకు గట్టిగా తెలిసినది 1984లో. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున లిమరిక్ అణువిద్యుత్ కేంద్రములో స్టాన్లీ వాట్రస్ అను ఇంజనీరు పని చేయుచుండెను. కార్మికుల బట్టలకు అణుధూళి అంటినదేమో చూచుటకు పెట్టిన యంత్రము అతని విషయములో మ్రోగెను. వింత యేమనగా, అతడు పని ముగించి పోవునప్పుడు గాక, ఉదయము ఇంటి నుండి వచ్చునప్పుడే మ్రోగెను. ధూళి ఇంటి నుండి వచ్చుచున్నది! ఇంటిని పరీక్షింపగా, ఘనపు మీటరు గాలిలో దాదాపు ఒక లక్ష బెక్వెరెల్ రేడాన్ ఉన్నట్లు తేలెను. ఆ కుటుంబము ఇల్లు విడిచి పోయెను. నేల క్రింది గాలిని గొట్టములతో బయటికి లాగు ఏర్పాటు చేసిన పిదప తిరిగి అదే ఇంటికి వచ్చెను. పిల్లలకు ఈ కథలో మొదటి సగము బాగుగా జ్ఞాపకముండును. ఉపాధ్యాయుడు రెండవ సగమును మరువనీయరాదు.

బెక్వెరెల్ అనగా ఏమి? ఒక సెకనుకు ఒక అణువు విరుగుట. ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్ మించకుండుట మంచిదని, అది సాధ్యము కాని దేశములలో కూడ 300 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పినది. ఇండ్లలో ప్రపంచపు సగటు సుమారు 40. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గదిలో 28 ఘనపు మీటర్ల గాలి పట్టును. 100 బెక్వెరెల్ చొప్పున ఆ గదిలో సెకనుకు 2,800 రేడాన్ అణువులు విరుగుచుండును. వినుటకు భయమగును. కావుననే అంకెను దాని ఫలితముతో కలిపి చెప్పవలెను.

ఐరోపా ఖండమున 13 పరిశోధనలను ఒకచోట చేర్చి, ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చిన 7,148 మందిని, రాని 14,208 మందిని పోల్చి 2005లో ఫలితము ప్రకటించిరి. 100 బెక్వెరెల్ పెరిగిన కొలది వ్యాధి అవకాశము నూటికి 16 పాళ్లు పెరిగినది. ఇది వట్టి శాతము. వర్తకుడు శాతమును చూచి తృప్తిపడడు, అసలు ఎంత అని అడుగును. అసలు ఇది: ఎన్నడును పొగ త్రాగనివారు వెయ్యి మంది ఉన్నారనుకొనుడు. రేడాన్ లేని ఇండ్లలో వారిలో 75 ఏండ్లు వచ్చునప్పటికి నలుగురికి ఈ క్యాన్సరు వచ్చును. 100 బెక్వెరెల్ ఇండ్లలో ఐదుగురికి, 400 ఇండ్లలో ఏడుగురికి. అదే సిగరెట్టు త్రాగువారు వెయ్యి మంది అయినచో వరుసగా సుమారు 100, 120, 160 మందికి.

ఈ రెండు వరుసలను పలక మీద ప్రక్కప్రక్కన వ్రాసి ఉపాధ్యాయుడు కొంచెము సేపు ఊరకుండుట మంచిది. రేడాన్ వలన త్రాగనివారిలో పెరిగినది వెయ్యికి మూడు, త్రాగువారిలో అరువది. పొగకు రేడాన్ తోడగుటయే గాని, రేడాన్ పేరు చెప్పి పొగను క్షమించుట కుదరదు. "క్యాన్సరు నేలలో నుండే వచ్చుచున్నది గదా, బీడీదేమి తప్పు" అని వాదించువాడు ఊరికొకడు ఉండును. అతనికి జవాబు ఈ రెండు వరుసలే. పొగాకును పదునెనిమిదేండ్ల లోపు పిల్లలకు అమ్మరాదని, బడికి నూరు గజముల లోపల అమ్మరాదని 2003లో చట్టము చేసిరి. కొన్ని పచారీ అంగళ్లలో బీడీ కట్టలు పిప్పరమెంట్ల సీసా ప్రక్కనే ఉండుట చూచునప్పుడు, ఆ చట్టము ఎక్కువగా పిల్లలకు కాక అంగడివారికి వర్తించునదని గుర్తుకు వచ్చును.

గవాక్షి పోయిన ఇండ్లు

పావగడ ప్రాంతపు పాత ఇండ్లను చూచినవారికి మిద్దె నడుమ చిన్న రంధ్రము, దాని మీద మూకుడో బండయో జ్ఞాపకముండును. అది గవాక్షి. వంటింటి పొగ పోవుటకు, వెలుతురు వచ్చుటకు పెట్టినది. కట్టినవారు రేడానును ఎరుగరు. అయినను మట్టినేల, రాతిగోడ గల ఆ ఇండ్లలో పైనుండి గవాక్షి, ముందు తలుపు, వెనుక పెరటి తలుపు తెరచియుండి గాలి పారుచుండెను. నేల సరిగా లేకపోయినను ఖర్చు సరిగా ఉండెను.

ఇప్పటి ఇండ్లలో నేల బాగుపడినది. సిమెంటు, నున్నని పలకలు వచ్చినవి. అది మంచిదే, పగుళ్లు తగ్గినవి. కాని గవాక్షి పోయినది. దోమలకని, దుమ్ముకని, దొంగలకని కిటికీలు మూసినారు. చల్లగాలి యంత్రము పెట్టిన గదిలో సందులు కూడ బిగించినారు. ఆ యంత్రము చాలవరకు గదిలోని గాలినే చల్లబరచి తిరిగి ఇచ్చును. బయటి గాలిని తేదు. రాత్రి ఎనిమిది గంటలు మూసిన గదిలో, ఉదయము తలుపు తీయునంతవరకు పై చిట్టాలో జమ పెరుగుచునే ఉండును.

ఇండ్ల కంటె గోదాముల విషయము చెప్పవలసినది ఎక్కువ. వేరుసెనగ, చింతపండు, బట్టల బేళ్లు నిలువచేయు గోదాములు సామాన్యముగా నేల మీదనే, కొన్ని నేల క్రిందనే ఉండును. సరుకుకు తేమ తగులరాదని, ఎలుకలు రారాదని షట్టరు దించి వారముల తరబడి ఉంచుదురు. సరుకుకు రేడాన్ ఏమియు చేయదు. సేటు రోజుకు పావుగంట వచ్చి పోవును. ఆయనకును పెద్దగా ఏమియు కాదు. కాని రాత్రి కావలికి అందులోనే పడుకొను మనిషి ఉండును. లెక్కలు వ్రాయుటకు వెనుక గదిలో దినమంతయు కూర్చుండు గుమాస్తా ఉండును. పరీక్షల కాలములో "అక్కడ సద్దు ఉండదు, చదువుకో" అని నేలమాళిగకు పంపబడిన పిల్లవాడు ఉండును. పిల్లవాని విషయములో తల్లి అడుగును. కావలివాని విషయములో అడుగువారు ఎవరు? ఈ పాఠము వర్తకుల పిల్లలకు చెప్పునప్పుడు ఈ ప్రశ్నను వారిచేతనే అడిగించుట న్యాయము. కావలివాని మంచమును షట్టరు వెలుపలి వసారాకు మార్చుటకు ఖర్చు లేదు. గోదాముకు ఎదురెదురు గోడలలో జాలీ కిటికీలు పెట్టుటకు ఒక మేస్త్రీకి రెండు దినముల పని.

పిల్లలు అడుగు ప్రశ్నలు కొన్ని ముందే ఊహింపవచ్చును. "మా ఇంట్లో అంతా గ్రానైటు బండలే, పెరికేయాలా?" అని ఒకరు అడుగుదురు. అక్కరలేదు. పరచిన బండలో నుండి వచ్చునది సామాన్యముగా స్వల్పము. ఇంటి క్రింది నేల నుండి వచ్చునదే ముఖ్యము. బండల సందులు పూడ్చుట మేలు. "బోరు నీళ్లలో ఉంటుందా?" ఉండును. వందల అడుగుల లోతున రాతిలో నిలిచిన నీటిలో రేడాన్ కరగియుండి, నీరు పైకి వచ్చి గాలి తగిలినప్పుడు విడిపోవును. పది వేల బెక్వెరెల్ నీటిలో ఉన్న, ఇంటి గాలికి చేరునది సుమారు ఒక్కటి. మిద్దె మీది తొట్టిలో నీరు ధారగా పడి కొంతకాలము నిలిచిన చాల భాగము అక్కడనే పోవును. నీటిలోని యురేనియమునకును ఫ్లోరైడుకును ఇట్లు నిలువయుంచుట పనిచేయదు; వాటికి శుద్ధ నీటి ఘటకములే గతి.

తిరుమణి ప్రక్క పిల్లలైనచో "సోలారు పలకల వల్ల వస్తుందా?" అని కూడ అడుగుదురు. అక్కడ పదమూడు వేల యెకరముల మీద 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది మొదలు జ్వరము వచ్చినను దాని మీదనే త్రోయువారు ఉన్నారు. ఆ పలకలు సూర్యుని వెలుగును విద్యుత్తుగా మార్చును. రేడానునకు వాటికి సంబంధము లేదు. రేడాన్ ఆ పలకలకు, ఆ ఊళ్లకు, ఈ రాజ్యములన్నింటికి ముందు నుండియు ఉన్నది.

వ్యాధి లక్షణములు కూడ రెండు మాటలలో చెప్పవలెను. మూడు వారములు దాటిన దగ్గు, కఫములో రక్తము, కారణము లేక బరువు తగ్గుట. మన దేశములో ఇవి కనబడిన క్షయ అని మందులిచ్చుట, తగ్గకపోయిన మరికొన్ని నెలలు అవే ఇచ్చుట జరుగుచుండును. మందు పనిచేయనప్పుడు ఆలస్యము చేయక బెంగళూరులోని కిద్వాయి ఆసుపత్రి వంటి చోటికి పోవుట మంచిది.

కొలత

బడిలో గైగర్ యంత్రము ఉన్న యెడల ఒక ప్రయోగము చేయవచ్చును. రబ్బరు బుడగను ఊది, ఉన్ని గుడ్డతో రుద్ది, మూసిన గదిలో అరగంట వ్రేలాడదీయవలెను. విద్యుదాకర్షణ చేత రేడాన్ సంతానము దాని మీద చేరును. గాలి తీసివేసి యంత్రము దగ్గర పెట్టిన చప్పుడు ఎక్కువగును. అరగంట, ముప్పావు గంటలో సగమగును. పిల్లల ముఖములు అప్పుడు చూడవలెను. ఇది ఉన్నదని చూపుటకే గాని, ఇంటి కొలతకు చాలదు.

ఇంటి కొలతకు చవకయైన సాధనము చిన్న డబ్బీలో పెట్టిన ఎర్రని ఫిల్ము. దీనికి ఎల్.ఆర్. 115 అని పేరు. ఆల్ఫా కణము తగిలినచోట అందులో కంటికి కనబడని గాయమగును. మూడు నెలలు గదిలో ఉంచి, పిదప ప్రయోగశాలలో వెచ్చని కాస్టిక్ సోడా ద్రావణములో నానవేయగా ఆ గాయములు రంధ్రములై లెక్కకు వచ్చును. మైసూరు, బెంగళూరు విశ్వవిద్యాలయముల భౌతికశాస్త్ర శాఖలవారు ఇండ్లలో ఇట్టి కొలతలు చేసియున్నారు. బడి తరఫున ఉపాధ్యాయుడు వ్రాసిన, ఒక తరగతి పిల్లల ఇండ్లను పరిశోధనలో చేర్చుకొనుమని అడుగవచ్చును.

డబ్బీని కిటికీ దగ్గర, పంకా క్రింద పెట్టరాదు. పడుకొనువారి ఊపిరి ఎత్తున, గోడకు కొంచెము ఎడముగా, పిల్లలు ఆడని చోట వ్రేలాడదీయవలెను. తలుపులు ఎక్కువగా మూయు చలికాలములో ఒకసారి, వేసవిలో ఒకసారి కొలుచుట మంచిది. ఒక డబ్బీ పడకగదిలో, ఒకటి గోదాములో. నోటుపుస్తకములో పెట్టిన తేది, తీసిన తేది, గదికి ఎన్ని కిటికీలు, రాత్రి ఎన్ని గంటలు మూసియుండును, ఎవరు ఎన్ని గంటలు అందులో ఉందురు అను సంగతులు పిల్లవాడే వ్రాయవలెను.

అంకె 100 లోపల వచ్చిన ఎప్పటి వలె గాలి ఆడనిచ్చిన చాలును. 300 దాటిన నేల పగుళ్లను, గొట్టముల చుట్టు సందులను సిమెంటుతో పూడ్పించి, ఎదురెదురు కిటికీలు తెరపించి, మరల మూడు నెలలు కొలువవలెను. అప్పటికిని తగ్గకపోయిన, నేల క్రిందికి ఒక గొట్టము దింపి, చిన్న పంకాతో అక్కడి గాలిని మిద్దె మీదికి లాగి వదలు పద్ధతి కలదు. వాట్రస్ కుటుంబము తిరిగి ఇల్లు చేరినది ఇట్టి ఏర్పాటుతోనే. క్రొత్తగా కట్టువారు పునాదిలో కంకర పొర వేసి, ఆ గొట్టమును ముందే పెట్టించుకొనిన తరువాత నేల పగులగొట్టవలసిన పని ఉండదు. రెండవసారి డబ్బీ పెట్టిన తేదిని మొదటి అంకె ప్రక్కనే వ్రాసి, మూడవ గడి ఖాళీగా ఉంచవలెను.